పడవకు పెట్టిన కొసరు

మా ఇంట్లోకి కొసరు లేకుండా వచ్చిన వస్తువు ఒక్కటీ లేదు. చింతపండు కొంటే పైన ఒక పిడికెడు, కుండ కొంటే మూత, చీర కొంటే రవిక గుడ్డ. కొసరు అడగనివాడికి కొనడం రాదని మా నాయన నమ్మకం. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ నలుగురిలో చెప్పేది. దాన్ని పొగడ్త అనుకుని చాలా ఏండ్లు మురిసిపోయాను.

ప్రొద్దుటూరులో మాది పత్తి అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, రెంటికీ మధ్య పేరుకొక తలుపు. రైతులు తెచ్చిన పత్తి కొని, గింజ తీయించి, ఆ దూదిని బోరేలకు ఎత్తి పంపించడం మా వ్యాపారం. బోరెమంటే నిలువెత్తు గోనె సంచి. దాన్ని దూలానికి వేలాడదీసి, మనిషి లోపలికి దిగి, దూది వేసే కొద్దీ కాళ్లతో తొక్కుతాడు. మా బోరెంలో వేలు పెట్టి పొడిస్తే వేలు వంగాలే గాని లోపలికి దిగకూడదు. మా నాయనకు అదే పేరు, అదే ప్రతిష్ఠ. పన్నెండో ఏటనుంచి నేను ఆ బోరేల్లో దిగి తొక్కినవాణ్ణి. గట్టిగా కూరడం తప్ప నాకు మరో విద్య రాదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత నా కొంప ముంచింది ఇదే.

పెళ్లయి వచ్చిన రెండో ఏడు నా భార్యకు దగ్గు పట్టుకుంది. పొద్దున లేచేసరికి ఆమె కనురెప్పల మీద సన్నటి దూది నూగు ఉండేది. కడవలో నీళ్ల మీద నూగు, అన్నం మీద నూగు. మాకందరికీ అలవాటైన ఆ నూగు ఆమెకు పడలేదు. దగ్గీ దగ్గీ గోడకు ఆనుకుని కూర్చుని, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "ఏం లేదులే, పోతాది" అనేది. జమ్మలమడుగుకు తీసుకుపోయి డాక్టరుకు చూపించాను.

"మందు రాసిస్తా గాని మందుతో పోయేది కాదు ఇది. ఈమెను ఆ దూది ఇంట్లోంచి తీసి గాలాడే చోట పెట్టు" అన్నాడాయన.

"ఎన్ని దినాలు సార్?"

"ఎన్ని దినాలేంది?"

"అంటే... వానాకాలం ఒకటీ బయటుంచితే సరిపోదా?"

ఆయన కలం కింద పెట్టి నన్ను చాలాసేపు చూశాడు. అక్కడ కూడా బేరానికి దిగానని నాకు బస్సెక్కిన తర్వాత గాని తెలియలేదు.

ఆమె పుట్టిల్లు పులివెందుల. అమ్మా నాయనా ఇద్దరూ పోయారు, పంపించేందుకు అక్కడ ఎవరూ లేరు. ఇక మిగిలింది వేరు కుంపటి. ఉమ్మడి వ్యాపారంలో అన్న చేతికింద పనిచేసే తమ్ముడు వేరు కుంపటి అన్నాడంటే, పెళ్లాం మాట విని ఇల్లు చీల్చాడని ఊరంతా అంటుంది. అయినా అన్నాను. నాయన కోప్పడలేదు. కోప్పడివుంటే బాగుండేది.

"వేరే కుంపటికి వేరే సంపాదన కావాల గదరా. ఏం జేస్తావు?" అన్నాడు.

ఆ వారమే కాలువ ఆఫీసు వాళ్లు పాత సామాన్లు వేలం వేస్తున్నారని విని వచ్చాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు అది. ఆఫీసుల్లో పాతవన్నీ వదిలించుకుంటున్నారు. కర్నూలు-కడప కాలువ మీద ఒకప్పుడు పడవలు తిరిగేవి. ఆ సంగతి మా ఊళ్లో ముసలివాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. దొరలు కాలువ తనిఖీకి తిరిగిన తెరచాప పడవ ఒకటి చాపాడు దాటాక ఒక లాకు పక్కన, రేకుల కొట్టంలో ఇరవై ఏండ్లుగా పడివుంది. వానలు పడితే మా నల్లరేగడి దారుల్లో బండి ఇరుసు దాకా దిగబడుతుంది. ఆ నెలల్లో కాలువ నిండుగా ఉంటుంది. ఆ నీళ్ల మీద పత్తీ, వేరుశనగా, మనుషులూ పోతే? లాకు దగ్గర ఒక పాత క్వార్టరు కూడా ఖాళీగా ఉంది. నాలుగు వైపులా పొలాలు, మైలు దూరంలో దూది అన్న మాట లేదు. నేను అసలు చూసింది పడవను కాదు, ఆ క్వార్టరు కిటికీని.

వేలంలో నాకు పోటీగా వచ్చినవాడు ఒక వంటచెరకు వ్యాపారి ఒక్కడే. పడవ నాకే పడింది. పడగానే అలవాటు కొద్దీ గుమాస్తాను అడిగాను: "సార్, కొసరేమిస్తారు?"

"కొసరేందప్పా, ఇది గవర్నమెంటు!"

"గవర్నమెంటైతే మాత్రం? లంగరన్నా ఇప్పించండి. తాడన్నా ఇప్పించండి."

ఆయన విసిగిపోయి, కొట్టం నీడలో గొంతుక్కూర్చున్న ముసలాయన్ను చూపించాడు. "అదో, ఆ లస్కరు తాతను తీసుకపో. వచ్చే నెల రిటైరు. ఆ పడవ మీద పనిజేసినోడు ఆయనొక్కడే మిగిలినాడు."

అందరూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు. లేచి, పంచె దులుపుకుని, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, చెక్క మీద వేలి కణుపుతో కొట్టి చూసి, "వస్తా. రెండు పూట్ల సంగటి, పొగాకు. అంతే. కానీ పడవ కాడ నా మాట ఇనాల" అన్నాడు.

ఇంత చవకగా మనిషి దొరికినందుకు ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

ఇంటికి వచ్చి చెప్పగానే మా అన్న బోరేల మీద పడి నవ్వాడు. "పెన్నలో ఏడాదికి పది నెల్లు ఇసకే. మా తమ్ముడు ఓడ తోల్తాడంట ఓడ!" నాయన నవ్వలేదు. గడువు పెట్టాడు.

"విజయదశమి పొద్దు నీ పడవ నీళ్ల మీద నా కంటికి కనపడాల. మన బోరేలు దాంట్లో పోవాల. పోయిందా, ఆ పొద్దే సామాన్లు ఎత్తుకోండి, నేనే బండి కట్టిస్తా. పోలేదా, వేరు కుంపటి మాట ఈ ఇంట్లో మళ్లా ఎవురూ ఎత్తగూడదు. సరేనా?"

"సరే నాయనా" అన్నాను. తలుపు చాటున నా భార్య దగ్గు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. నా జీవితంలో మొదటి మాటకే ఒప్పుకున్న బేరం అదొక్కటే.

ఎండాకాలమంతా లాకు దగ్గరే గడిచింది. పడవను పక్కకు ఒరిగించి చూస్తే ఉత్సాహమంతా ఆవిరైపోయింది. పైకి కనిపించినదానికీ లోపలున్నదానికీ పోలికే లేదు. తారు గీకితే కింద పొడి. ఉలి పెడితే చెక్క జున్నులా దిగేది. లోపల పక్కటెముకల్లా వంగిన కొయ్యల్లో ఏడు పుచ్చిపోయాయి. పలకల మధ్య సందుల్లోంచి అవతలి పొలం కనిపించేది. సరుకు తిరగేసి చూడకుండా కొన్నానని మా అన్నకు తెలిస్తే చాలు, నేను ఇంట్లో అన్నం తినలేను. అందుకని ఎవరికీ చెప్పలేదు. రోజుకొక పలక విప్పడం, విప్పినదాని కింద ఇంకో పుచ్చు బయటపడటం. కొన్ని సాయంత్రాలు ఉలి పక్కన పడేసి కాలువ గట్టు మీద ఊరికే కూర్చునేవాణ్ణి. కాలువలో చుక్క నీరు లేదు. నెర్రెలిచ్చిన అడుగున గొర్రెలు తిరుగుతుండేవి. వాటి వెనక నడిచే గొల్లాయన రోజూ అదే మాట అడిగేవాడు.

"ఏమప్పా, పడవ యాడిదాకా వచ్చె?"

"వస్తాంది మామా."

"నీళ్లు రాకముందే వస్తాదా, వచ్చినంక వస్తాదా?"

వడ్రంగి పని లస్కరు తాత చెబితే నేను చేశాను. చేతులు బొబ్బలెక్కి, పగిలి, కాయలు కాశాయి. పులివెందులలో పాత మిద్దె ఒకటి కూలదోస్తున్నారంటే పోయి, ఒక పూటంతా బేరమాడి టేకు దూలాలు తెచ్చి, పుచ్చిన కొయ్యలకూ పలకలకూ బదులు కోయించాను. కొసరుగా గడపమాను కూడా అడిగి, ఆ ఇంటి ముసలామె చేత తిట్టించుకున్నాను. ఆ ఊళ్లోనే మూలపడిన బస్సు సీట్లు రెండు కనబడితే అవీ తెచ్చాను. మనుషులు ఎక్కే పడవ కదా, దొరల పడవకంటే గొప్పగా ఉండాలని. ఆకుపచ్చ రెగ్జిను, ఒక చోట చినిగి కొబ్బరిపీచు బయటికొచ్చింది. తాత వాటిని చూసి పక్కకు తిరిగి పొగాకు ఉమ్మేశాడు.

"ఇవేంది?"

"సీట్లు తాతా. ఆనుకుని కూర్చునేకి."

"టిక్కెట్లు గూడ కోస్తావా?"

తెరచాపకు గుడ్డ జమ్మలమడుగు మగ్గాల మీద నేయించాను. దుప్పట్లు నేసే ఆయన, ఇంత మందంగా ఇంత పొడవు దుప్పటి ఎవరికని అడిగాడు. గాలికి అని చెబితే నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. తుమ్మచెక్క ఉడకబెట్టి, ఆ రసంలో గుడ్డను రెండు దినాలు నానబెడితే ఎర్రమట్టి రంగు వచ్చింది. అట్లా చేస్తే చీకిపోదని తాత చెప్పాడు. ఆయన చెప్పినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప.

నా భార్య నెలకోసారి బండిలో వచ్చేది. కొట్టం నీడలో కూర్చుని ఎర్రటి గుడ్డకు అంచు కుట్టేది. అక్కడున్నంతసేపూ పెద్దగా దగ్గేది కాదు. ఆ సంగతి మేమిద్దరం గమనించాం, ఇద్దరం పైకి అనలేదు. ఒకసారి క్వార్టరు తలుపు తోసి లోపలికి పోయి, పొయ్యి ఏ మూల పెట్టాలో అడుగులతో కొలిచి వచ్చింది. బయటికొచ్చి, "పొగ ఆ కిటికీలోంచి పోతాది" అంది. 

పనంతా అయ్యేసరికి శ్రావణం. నీళ్లు శ్రావణంలో వదలాలి. పైన వానల్లేక వదలలేదు. భాద్రపదం సగం పోయాక, ఒక మధ్యాహ్నం, చెత్తనూ గొర్రె పెంటికలనూ ముందు తోసుకుంటూ సన్నగా బురద నీళ్లు వచ్చాయి. మర్నాటికి కాలువ నిండింది. నేను పిల్లవాడిలా గట్టు మీద పరుగెత్తాను.

"రేపే దించుదాం తాతా!"

"దించేది కాదు. ముంచాల" అన్నాడు.

"ఏంది?"

"ముంచాల సావుకారీ. ఇరవై ఏండ్లు రేకుల కింద ఎండి పడుండాది. దప్పిక మీదుండాది. లోపల రాళ్లేసి, నీళ్లలో ముంచి, ఒగ నెల దాన్ని మర్సిపోవాల. తాగినంత తాగి, పలకలు ఉబ్బి, వాటంతటవే దగ్గిరికొస్తాయి. అప్పుడు పైకి తీసి, ఇంకా యాడన్నా సందుంటే దూది పెట్టాల. దీపం వొత్తి మాదిరి, రెండు వేళ్లతో. దాని మీద గుగ్గిలం. అంతే."

ఆరు నెలలు నా చేతులతో గీకి, చెక్కి, నూనె పట్టించిన పడవను నేనే రాళ్లేసి ముంచాలట. సరుకు చెడగొట్టుకునే వ్యాపారిని మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. పైగా విజయదశమికి ఇరవై నాలుగు దినాలే ఉంది.

"నెల కుదరదు తాతా. ఒక వారం."

"వారానికి తడుస్తాది. తాగదు."

"ఎనిమిది దినాలు."

"ఇదేమన్నా చీరనా సావుకారీ, నువ్వొక మాట నేనొక మాట అనేకి?"

"నువ్వూ ఒక మెట్టు దిగు తాతా."

 ఆయన గొంతు తగ్గించి, "ఇరవై దినాలు. దానికి తక్కువ నా నోట రాదు" అన్నాడు.

దిగాడు. ఒకసారి దిగినవాడు ఇంకా దిగుతాడని నేను పుట్టినప్పటినుంచి చూస్తున్నాను.

"ఎనిమిది."

"నీ పడవ. నీ ఇష్టం."

మా అంగడిలో అవతలివాడు 'నీ ఇష్టం' అన్నాడంటే బేరం కుదిరినట్టు. ఇద్దరూ నవ్వి, వక్క నములుతారు. నేను నవ్వాను. ఆయన పొగాకు సంచి తీసుకుని లాకు అవతలికి పోయాడు.

ఎనిమిది దినాలు ముంచాం. తొమ్మిదో పొద్దు రాళ్లు తీసి, ఎద్దులతో గట్టుకు లాగాం. పలకలు కొంత దగ్గరికి వచ్చాయి. వేలు దూరే సందులో ఇప్పుడు కట్టెపుల్ల దూరుతోంది. మిగతాది దూది చూసుకుంటుంది. నీళ్లలో తగ్గించిన దినాలకు బదులుగా దూదిలో కొసరు వేయాలని నాకు నేనే న్యాయం చెప్పుకున్నాను. తక్కువైనచోట కాస్త పైన వేసి ఒప్పించడం మా వృత్తి. ఇంటినుంచి మేలైన దూది తెప్పించాను. తాత చెప్పినట్టు వొత్తులు కాదు, తాళ్లలా పేని, మొద్దు ఉలి పెట్టి కొయ్య సుత్తితో కొట్టి కొట్టి కూరాను. బోరెం తొక్కినట్టే. సందులో గోరు దిగకూడదు. పది దినాలు పట్టింది. మోచేతులు పట్టేశాయి.

తాత వచ్చి ఒక సందు మీద గోరు పెట్టి చూశాడు. దిగలేదు.

"ఎట్లుండాది తాతా?" అన్నాను. గర్వమే.

"దాని ఊపిరి యాడ పెడ్తావు?" అన్నాడు.

పడవకు ఊపిరేమిటని నేను నవ్వి, గుగ్గిలం కాచడానికి పోయాను.

సప్తమి నాడు నీళ్లలోకి దించాం. తేలింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. పొడి దుప్పటి పరిచి చూపించాను, దుప్పటి తడవలేదు. తాత తెరచాప ఎత్తాడు. నేను నేయించిన, నా భార్య అంచు కుట్టిన ఆ ఎర్రటి గుడ్డ ఒకసారి వదులుగా కొట్టుకుని, తర్వాత చప్పుడు లేకుండా నిండింది. చుట్టూ జొన్న చేలు. చేల మధ్యలో పడవ పోతోంది. గొల్లాయన గొర్రెలను వదిలేసి గట్టు వెంబడి పరుగెత్తుకుంటూ, "ఒరే నీ యవ్వ, పోతాందే! నిజంగా పోతాందే!" అని అరిచాడు.

అష్టమి నాడు నా భార్యను ఎక్కించాను. బస్సు సీటు మీద కూర్చుంది, సీటు అంచున ఉన్న చినుగులో వేలు పెట్టి పీచు లోపలికి దోస్తూ. కొంతసేపటికి వెనక్కి ఆనుకుని నిద్రపోయింది. మధ్యాహ్నంనుంచి ఎండ వాలేదాకా నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరిచి, ఒక్కసారి కూడా దగ్గకుండా. ఆమె నిద్రలో దగ్గకపోవడం నేను మూడేండ్లలో చూడలేదు. చుక్కాని పట్టుకున్న తాత మలుపుల దగ్గర కూడా కుదుపు రానీయలేదు. నా జీవితంలో దొరికిన మంచి మధ్యాహ్నం అదొకటి. దానికి కొసరు లేదు.

నవమి నాడు పడవ లోపల ఎక్కడో టిక్కుమంది. కాసేపటికి ఇంకోచోట టిక్కు. తాత మోకాళ్ల మీద కూర్చుని పలకకు చెవి ఆనించాడు.

"మాట్లాడతాంది" అన్నాడు. "గట్టుకు లాగుదాం సావుకారీ. సందుల్లో దూది సగం తీసేద్దాం. నాలుగు దినాలు ఓర్సుకో."

"రేపు విజయదశమి తాతా."

"నాకు తెలుసు."

"రేపొక్కటీ పోనీ. ఎల్లుండి నువ్వెట్ల చెబితే అట్ల."

అదే నేనాడిన చివరి బేరం.

విజయదశమి పొద్దు నాయనా, అన్నా వచ్చారు. బండిలో ఆరు బోరేలు వచ్చాయి. వాటి వెనక ఇంకో బండిలో నా భార్య వచ్చింది. ఆమె పక్కన రేకు పెట్టె, చుట్టిన పరుపు, పొయ్యి మీద పెట్టే మూడు గిన్నెలు. నాయన అన్నట్టే బండి కట్టించాడు. పడవను చూసి ఆయన తలపాగా సర్దుకున్నాడు. మా నాయన తలపాగా సర్దుకున్నాడంటే సరుకు నచ్చినట్టు. అన్న బస్సు సీటు మీద ఒకసారి ఎగిరి కూర్చుని, "కండక్టరెవుర్రా?" అన్నాడు. అందులో వెక్కిరింత తక్కువే. అంతమంది నా వైపు ఉన్న పొద్దు మళ్లీ రాలేదు.

బోరేలు ఎక్కించాం. నాయన కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నాడు. కొట్టకముందే చప్పుడు వచ్చింది, నల్లరాయి పగిలినట్టు. టెంకాయ కొట్టారనుకుని గట్టు మీద ఎవరో దండం కూడా పెట్టారు. వెంటనే ఇంకొకటి, ఇంకొకటి. పడవ లోపల వంపు కొయ్యలు వరసగా విరుగుతున్నాయి. కుడివైపు పలక ఒకటి మేకులను పీక్కుని, విల్లులా బయటికి వంగింది. నేను పది దినాలు కూరిన దూది తాళ్లు తాళ్లుగా నీళ్లలోకి వచ్చేసింది. ఎనిమిది దినాల్లో సగం తాగిన చెక్క మిగతా సగం ఈ మూడు దినాల్లో తాగింది. ఉబ్బడానికి చోటు లేదు. చోటంతా నా దూదే.

మొల లోతు నీళ్లలో పడవ ఒకవైపుకు ఒరిగి, నిదానంగా కూర్చుంది. మనిషి మునిగే లోతు కూడా కాదు. బోరేలు తేలుతూ పోతుంటే అన్న పంచె ఎగగట్టి దిగి, వాటి వెంట పడ్డాడు. ఎర్ర తెరచాప నీళ్ల మీద పరుచుకుంది. గట్టు మీద జనం నవ్వుతున్నారు. నవ్వని వాళ్లు ముగ్గురు. తాత, నాయన, ఇంకా ఆమె. ఆమె బండి దిగనే లేదు. పరుపు మీద చెయ్యి వేసుకుని, నన్ను కాదు, క్వార్టరు కిటికీని చూస్తోంది.

నేను నీళ్లలోంచి లేచి తాత దగ్గరికి పోయాను. ఎవరి మీదైనా కేకలేయాలి కదా.

"ముందే ఎందుకు గట్టిగా చెప్పలేదు తాతా? నన్ను పట్టుకుని ఎందుకు ఆపలేదు?"

"నువ్వు బేరమాడితివి సావుకారీ. నేను తగ్గితి. కొయ్య తగ్గలే" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు. ఒంగి, నీళ్లలో కొట్టుకుపోతున్న దూది తాడు ఒకటి అందుకుని, పిండి, తడిసిన గడ్డి మీద పెట్టాడు. ఆ తర్వాత నేను ఆయన్ను చూడలేదు. వేంపల్లె దగ్గర కూతురి ఇంటికి పోయాడని విన్నాను. ఆరు నెలలు నా సంగటి తిన్న మనిషి, పోయేటప్పుడు నా దగ్గర పొగాకు కూడా తీసుకోలేదు.

సామాన్లు దించకుండానే బండి వెనక్కి మళ్లింది. నాయనా నేనూ ముందు బండిలో. చాపాడు దాటాం.

"ఏమిటికిరా అంత తొందర?" అన్నాడు నాయన.

"విజయదశమి అని నువ్వే గద నాయనా అంటివి."

"అంటి. ఇంగొక నెల అడిగింటే ఈయకపోతునా?"

నేను తడిసిన పంచె చెంగు పిండుకున్నాను.

"ఊళ్లో గాజులమ్మే ఆమెతో బేరమాడతావు. డాక్టరుతో ఆడితివి. నాతో ఒక్క మాట అడగలే. అడుగుతావని చూస్తాంటి" అన్నాడు.

ఆయన ఎగతాళి చేయడం లేదు. ఆ గొంతులో బాధ ఉంది. నాకు ఆ రోజు తెలిసింది, ఆ గడువు కూడా మిగతా అన్నిటిలాగే చెప్పిన ధర మాత్రమేనని. చెప్పిన ధరకు కొన్నవాడు మా వంశంలో నేనొక్కణ్ణే. వెనక బండిలో ఆమె దగ్గడం మొదలుపెట్టింది. ఊరు ఇంకా ఒక కోసు దూరంలో ఉంది. అయినా మొదలైంది.

అడిగితే నాయన మళ్లీ గడువు ఇచ్చేవాడేమో. అడగలేదు. ఆ మాట ఈ ఇంట్లో ఎత్తకూడదని ఒప్పుకున్నాను కదా, ఆ ఒక్క ఒప్పందాన్ని మాత్రం మర్యాదగా నిలబెట్టుకున్నాను. అడిగే ముఖం లేకపోవడానికి నేను పెట్టుకున్న పేరు మర్యాద. అంగడిలో అన్న పక్కన నా చోట నేను కూర్చున్నాను. ఆమె కూడా ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం, బట్టలు మడతపెడుతూ, "ఆ పొద్దు మధ్యాన్నం శానాసేపు నిద్రపోతి కదా" అంది. నేను అవునన్నాను.

పడవ పలకలు మంచి టేకువి, ఊరికే నీళ్లలో పోనిస్తామా? అన్న ఎద్దుల బండ్ల మీద ఇంటికి చేరవేయించాడు. ఆ ఏడు పత్తి బాగా వచ్చింది, పెట్టడానికి చోటు చాలలేదు. ఆ పలకలతో అటక వేయించాడు. ఎక్కడ వేస్తారు? ఖాళీ గోడలున్నది మా గదిలోనే. మా మంచానికి పైన, ఈ గోడనుంచి ఆ గోడకు, పడవ పలకలు పరిచి, వాటి మీద బోరేలు ఎత్తారు. నేను వద్దనలేదు. నిచ్చెన పట్టుకున్నది నేనే.

మరుసటి ఎండాకాలానికి పలకలు ఆరిపోయాయి. సందులు మళ్లీ తెరుచుకున్నాయి. పైన మనిషి నడిచినప్పుడల్లా ఆ సందుల్లోంచి దూది నూగు సన్నగా మంచం మీదికి రాలేది. కిటికీలోంచి వచ్చే ఎండలో తెల్లగా దిగుతూ కనిపించేది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పడుకునేది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ గదిలోనే ఉంది, ఆ అటక కిందే.

ఒక మధ్యాహ్నం అంగడి మూసి ఉన్నప్పుడు మంచం మీద నిలబడి ఆ సందులు కూరాను. దూదిని దీపం వొత్తిలా పేని, రెండు వేళ్లతో, తాత చెప్పినట్టే. ఎక్కడా గట్టిగా నొక్కలేదు. ఆమె కింద కూర్చుని వొత్తులు చేసి ఒక్కొక్కటిగా అందించింది. దగ్గు వచ్చినప్పుడు ఆగేది, తగ్గాక ఇంకొకటి అందించేది.

ఒక్క సందు కూడా మళ్లీ తెరుచుకోలేదు. నూగు మాత్రం తలుపులోంచి వస్తూనే ఉంది.